కారులో పెట్రోల్ వాసన: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కారులో పెట్రోల్ వాసన వస్తుంటే చాలామంది డాష్‌బోర్డు మీద ఒక పర్‌ఫ్యూమ్ డబ్బా పెట్టి సరిపెట్టుకుంటారు. దయచేసి అలా చేయొద్దు. వాసన ఎప్పుడు వస్తోంది, ఏ వైపు ఎక్కువగా వస్తోంది అన్న రెండు విషయాలు జాగ్రత్తగా గమనిస్తే లోపం ఎక్కడుందో సగం మీకే తెలిసిపోతుంది, మిగతా సగం షెడ్‌లో తేలుతుంది. ఇక్కడ ఉన్నవి ఎక్కువగా పెట్రోల్ కార్ల గురించే. గ్యాస్ కిట్, డీజిల్ బండ్ల సంగతి కింద విడిగా ఉంది.

ప్రశ్న: హైవే మీద పోతుంటే ఒక్కసారిగా వాసన గుప్పుమంది. ముందు ఏం చేయాలి?

ఆపండి. "ఇంకో పది కిలోమీటర్లు పోతే నార్కట్‌పల్లి వస్తుంది, అక్కడ చూపిద్దాం" అనుకోవద్దు. ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, పిల్లలతో సహా అందరినీ దింపండి, బండికీ రోడ్డుకీ రెంటికీ దూరంగా జరగండి. ఎండుగడ్డి ఉన్న చోట మాత్రం ఆపకండి, సైలెన్సర్ వేడికి గడ్డి అంటుకుంటే దాని వెనకే పెట్రోల్ అంటుకుంటుంది. దగ్గర్లో ఎవరూ బీడీ, సిగరెట్ వెలిగించకుండా చూడండి. కొద్దిసేపు ఆగాక కింద వంగి చూసి, తడి కనిపిస్తే లేదా చుక్కలు పడుతుంటే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, బండిని టోయింగ్‌లోనే పంపాలి. జాతీయ రహదారి మీద ఉంటే 1033కు ఫోన్ చేయొచ్చు, పొగ గానీ మంట గానీ కనిపిస్తే 101 లేదా 112.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఇక మన దగ్గర మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో అది ఎంత వేగంగా ఆవిరవుతుందో మీరే ఊహించుకోండి. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే పైకి పోదు, బండి కింద, గుంతల్లో, మూసి ఉన్న షెడ్డు నేల మీద పేరుకుంటుంది. గాలిలో సుమారు 1.4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది.

ప్రశ్న: బానెట్ కింద నుంచి పొగ వస్తే బానెట్ ఎత్తి నీళ్లు పోయొచ్చా?

రెండూ వద్దు. బానెట్ పూర్తిగా ఎత్తితే మంటకు గాలి దొరుకుతుంది, నీళ్లు పోస్తే పెట్రోల్ నీళ్ల మీద తేలుతూ మంటను పక్కకు పాకిస్తుంది. కారులో ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంటే, మంట ఇంకా చిన్నగానే ఉంటే, బానెట్ కొద్దిగా మాత్రమే తెరిచి సందులోంచి కొట్టండి. మంట పెద్దదైతే దూరం జరగడం తప్ప చేసేదేమీ లేదు, సామాను కోసం వెనక్కి పోవద్దు.

ప్రశ్న: కొద్దిగానే వస్తోంది కదా, కొన్నాళ్లు నడిపితే ఏమవుతుంది?

బంకులో పోయించుకున్నాక నాలుగైదు నిమిషాలు వాసన ఉండటం మామూలే, చేతికో చెప్పుకో అంటిన చుక్క కూడా అంతే. పాత కార్బురేటర్ బండ్లలో, మారుతి 800 మొదటి మోడళ్లు, అంబాసిడర్ లాంటి వాటిలో, స్టార్ట్ చేసేటప్పుడు కాస్త రావడం ఉండేది. ఇంజెక్షన్ బండ్లలో, అంటే కార్బురేటర్ లేని ఇప్పటి బండ్లలో మాత్రం పెట్రోల్ దారి మొత్తం మూసి ఉంటుంది, ట్యాంకులో పుట్టిన ఆవిరి కూడా బయటికి పోకుండా ఒక బొగ్గు డబ్బాలోకి వెళ్తుంది. కాబట్టి రోజూ వాసన వస్తోందంటే ఎక్కడో ఒక చోట ఆ దారి తెగిందనే అర్థం.

ఇంకో సంగతి. రోజూ అదే కారులో కూర్చునే మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. "ముందు వచ్చేది, ఇప్పుడు తగ్గింది" అని మీకు అనిపిస్తే, ఇంట్లోవాళ్లనో పక్కింటివాళ్లనో ఒకసారి డోర్ తీసి చూడమనండి. వాళ్లు ముఖం చిట్లిస్తే తగ్గింది వాసన కాదన్నమాట.

ప్రశ్న: వాసన ఎక్కడి నుంచి వస్తోందో షెడ్‌కు పోకముందే ఎలా తెలుసుకోవాలి?

ఒక రెండు మూడు రోజులు కాగితం మీద రాసుకోండి: పొద్దున మొదటి స్టార్ట్‌కు వచ్చిందా, ఫుల్ ట్యాంక్ చేయించాక వచ్చిందా, ఎండలో నిలబెట్టాక వచ్చిందా, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వచ్చిందా, ఏసీ బయటి గాలి మోడ్‌లో ఉన్నప్పుడే వచ్చిందా. ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. కారులోకి బయటి గాలి ముందు అద్దం కింద, బానెట్‌కు వెనకగా ఉండే జాలీ లోంచి వస్తుంది. బయటి గాలి మోడ్‌లో వాసన వచ్చి, లోపలి గాలినే తిప్పే మోడ్‌లోకి మార్చగానే తగ్గిపోతే మొదటి అనుమానం ఇంజిన్ వైపే. మోడ్ ఏదైనా వెనక సీట్లో ఎక్కువగా వస్తుంటే ట్యాంకు, దాని మీది పంపు, మూతకు పోయే గొట్టం చూడాలి. ఇక డిక్కీ తెరవగానే కొడుతుంటే ముందు డిక్కీలో ఏం పెట్టారో గుర్తు చేసుకోండి.

బండి సాయంత్రం నిలిపేటప్పుడు కింద ఒక పెద్ద అట్ట పరవండి. ఏసీ నీళ్లు కూడా కారుతాయి కాబట్టి తడి చూడగానే కంగారు పడొద్దు. నీటి మరక చాలాసేపు తడిగా ఉండి వాసన లేకుండా ఆరిపోతుంది, పెట్రోల్ మాత్రం గబగబా ఆరిపోయి వాసన మిగులుతుంది. అట్ట మీద ఏమీ కనిపించకపోయినా లీక్ లేదని అనుకోవడానికి వీల్లేదు, వేసవిలో చుక్క నేల మీద పడకముందే ఆవిరైపోతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పగటి వెలుతురులో, తెల్ల టిష్యూ కాగితంతో పైపుల జాయింట్లు ఒక్కొక్కటి అద్ది వాసన చూడండి. జాయింటు చుట్టూ దుమ్ము పట్టకుండా కడిగినట్టు ఉన్న చోటు గానీ, గోధుమరంగు మరక గానీ కనిపిస్తే దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, మెకానిక్‌కు అదే సగం పని తగ్గిస్తుంది.

ప్రశ్న: ఫుల్ ట్యాంక్ చేయించినప్పుడే వస్తుంది, సగం ట్యాంకులో ఉన్నప్పుడు అసలు రాదు. ఎందుకు?

ఇది అన్నింటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, దీనికి మూడు కారణాలు ఉంటాయి.

మొదటిది మనం చేసుకునేది. బంకులో గన్ దానంతట అది టక్కుమని ఆగాక కూడా "రౌండ్ ఫిగర్ చేయన్నా" అని ఇంకో లీటరు కొట్టిస్తాం. గన్ ఆగాక ట్యాంకులో మిగిలే ఖాళీ ఆవిరి కోసం వదిలినది. అక్కడ కూడా నింపితే ద్రవ పెట్రోల్ ఆవిరి గొట్టం పట్టుకుని బొగ్గు డబ్బాలోకి, అంటే కార్బన్ క్యానిస్టర్‌లోకి పోతుంది. ఆ డబ్బా ఆవిరిని పీల్చుకోవడానికి చేసింది, ద్రవం పడితే పాడవుతుంది. ఒకసారి పాడైతే కడిగి వాడే వస్తువు కాదు, మార్చాల్సిందే. రౌండ్ ఫిగర్ ఇష్టమైతే ముందే రూపాయలు చెప్పి కొట్టించుకోండి, ఫుల్ అంటే మాత్రం మొదటి టక్కు దగ్గరే ఆపించండి.

రెండోది, ట్యాంకు పైన పెట్రోల్ పంపు కూర్చునే చోట ఉండే పెద్ద ఓ-రింగ్, అంటే లీక్ కాకుండా ఆపే రబ్బరు వలయం. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే కింద ఒక చిన్న మూత, దాని కింద పంపు కనిపిస్తాయి. రింగు గట్టిపడితే, లేదా ఎవరో పంపు మార్చినప్పుడు పాత రింగే మళ్లీ వేస్తే, ట్యాంకు నిండినప్పుడు, మలుపుల్లో, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పెట్రోల్ ఎగసి అక్కడ నుంచి చెమ్మగిల్లుతుంది. సగం ట్యాంకు ఉన్నప్పుడు ఆ ఎత్తుకు రాదు కాబట్టి వాసనా రాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే తల నొప్పి వస్తోందంటే ముందు ఇదే చూపించండి. పంపు ఎప్పుడు విప్పినా కొత్త రింగు వేయించడం తప్పనిసరి, దాని మీద బాండ్, సీలెంట్ పూసి నడిపించేవాళ్లను నమ్మొద్దు, మామూలు సిలికాన్ సీలెంట్ పెట్రోల్‌కు ఉబ్బి ఊడిపోతుంది.

మూడోది పర్జ్ వాల్వ్. బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే చిన్న వాల్వ్ ఇది. తెరుచుకునే ఉండిపోతే పెట్రోల్ పోయించిన వెంటనే బండి స్టార్ట్ కావడానికి మొండికేస్తుంది, ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, వాసనా వస్తుంది. ఈ మూడు లక్షణాలూ కలిసి వస్తే నేరుగా ఈ వాల్వ్ చూడమని చెప్పండి.

ట్యాంకు మూత సంగతి వీటన్నింటికంటే ముందు చూసుకోవాలి. రబ్బరు వాషర్ పగిలిందా, మూత టిక్ టిక్ అని శబ్దం వచ్చేదాకా తిరుగుతోందా చూడండి. అన్నింటికంటే తక్కువ ఖర్చు అదే.

ప్రశ్న: ఎండాకాలంలో మూత తీస్తే బుస్సుమని గాలి వస్తుంది. ట్యాంకు పేలుతుందా?

పేలదు. ఎండకు ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, కొంచెం బుస్సుమనడం సహజం. ప్రతిసారీ చాలాసేపు గట్టిగా వస్తుంటే, పైగా గన్ పెట్టగానే మాటిమాటికీ ఆగిపోతుంటే ఆవిరి గొట్టమో బొగ్గు డబ్బానో మూసుకుపోయిందేమో చూపించాలి. మన రోడ్ల దుమ్ముకు క్యానిస్టర్ గాలి రంధ్రం పూడుకుపోవడం ఉంటుంది, పొలం దారుల్లో తిరిగే బండ్లలో మరీ ఎక్కువ.

ప్రశ్న: పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వస్తుంది, పది నిమిషాల్లో పోతుంది. చలికాలంలో మరీ ఎక్కువ. ఏమై ఉంటుంది?

ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల పైన ఉండే చిన్న ఓ-రింగులు. ఏళ్ల తరబడి వేడికి గట్టిపడతాయి, చలికి ముడుచుకుంటాయి, ఇంజిన్ వేడెక్కగానే సాగి మళ్లీ సందు మూసుకుంటాయి. అందుకే మధ్యాహ్నం షెడ్‌కు తీసుకుపోతే ఏమీ కనిపించదు, మెకానిక్ "ఏం లేదు" అని పంపిస్తాడు, అందులో అతని తప్పు కూడా లేదు. బండిని ముందురోజు రాత్రే షెడ్‌లో వదిలేసి, పొద్దున మీరు అక్కడ ఉన్నప్పుడే మొదటి స్టార్ట్ చేయించండి. కీ ఆన్ చేయగానే వెనక పంపు రెండు మూడు సెకన్లు గుర్రుమంటుంది కదా, ఆ సమయంలోనే, ఇంజిన్ తిరగకముందే, రైల్ దగ్గర, అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపు దగ్గర చూస్తే చెమ్మ కనిపిస్తుంది.

మామూలు పెట్రోల్ ఇంజిన్‌లో ఆ పైపులో ఒత్తిడి 3 నుంచి 4 బార్ దాకా ఉంటుంది, మన టైర్లలో ఉండే గాలి ఒత్తిడి కంటే ఎక్కువ. కొత్త టర్బో పెట్రోల్ బండ్లలో నేరుగా సిలిండర్‌లోకి కొట్టేవి ఉన్నాయి, వాటిలో అది 200 బార్ దాటుతుంది. అలాంటి బండి పైపులు మామూలు షెడ్‌లో ముట్టుకోనివ్వొద్దు.

ప్రశ్న: ఎలుకలు పైపులు కొరికాయి. ఇది ఎంత ప్రమాదం? మళ్లీ కొరకకుండా ఏం చేయాలి?

మన వైపు ఇది పెద్ద సమస్య. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైస్ మిల్లుల పక్కన, ఊళ్లలో వడ్ల బస్తాలున్న కొట్టం పక్కన బండి పెట్టేవాళ్లు, కోతలైపోయి పొలంలో తిండి తగ్గగానే ఎలుకలు ఇళ్లవైపు రావడం చూసే ఉంటారు. ఇంజిన్ వెచ్చగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది, గూడుకు కావలసిన పీచు బానెట్ కింది ఫోమ్‌లోనే దొరుకుతుంది.

వైరు కొరికితే ఎక్కువసార్లు బండి ఆగిపోతుంది. పెట్రోల్ పైపు కొరికితే బండి ఆగదు, అదే భయం. నైలాన్ పైపుకు సూదంత రంధ్రం పడితే, ఇంజిన్ ఆపగానే ఆ రంధ్రం గుండా ఒత్తిడి పడిపోతుంది కాబట్టి, నడిచేటప్పుడే సన్నని తుంపరగా వేడి ఇంజిన్ మీద కొడుతుంది. ఆపి చూస్తే తడి కూడా ఉండదు. "నడిపితే వాసన, ఆపితే లేదు" అన్నవాళ్లు ఎలుక పెంటికలు, కొరికిన రబ్బరు తుక్కు, ఫోమ్ ముక్కలు ఉన్నాయేమో చూడండి. కనిపిస్తే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి.

కొరికిన చోట కోసి, మధ్యలో చిన్న ఇత్తడి ముక్క పెట్టి రెండు క్లిప్పులు బిగించడం చాలా చోట్ల చేస్తారు. ఇంజెక్షన్ లైన్‌కు అది సరికాదు. ఆ ముక్క పూర్తిగా కొత్తది, కంపెనీ పార్టు నంబరుదే వేయించండి. దొరక్క రబ్బరు హోస్ వేయాల్సి వస్తే దాని మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని రాసి ఉందో లేదో చూడండి. ఆర్7 కార్బురేటర్ బండ్ల తక్కువ ఒత్తిడికి చేసింది, ఇంజెక్షన్‌కు పనికిరాదు, కానీ షాపులో రెండూ ఒకేలా నల్లగా వేలాడుతుంటాయి. రాత లేని హోస్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

నివారణకు నా ఓటు ఇనుప జాలీకే. కింది నుంచి ఎక్కే దారులు, గాలి లోపలికి పోయే నోరు, ఈ రెండు చోట్లా సన్న జాలీ కట్టించండి, పైపుల మీద స్టీల్ అల్లిక తొడుగు వేయించండి. పొగాకు కాడలు, కలరా ఉండలు పెట్టేవాళ్లున్నారు. వాటి ఘాటు కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది, పైగా ఆ కలరా ఉండల వాసన ఏసీలోంచి లోపలికి వచ్చి అసలు పెట్రోల్ వాసనను కప్పేస్తుంది. బండి రోజుల తరబడి కదలకుండా ఉంటే రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడటం వీటన్నింటికంటే మేలు. బండిలో పల్లీలు, బిస్కెట్ పొట్లాలు వదలకండి.

ప్రశ్న: సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది, మైలేజీ కూడా పడిపోయింది.

ఇది లీక్ కాకపోవచ్చు. పెట్రోల్ పూర్తిగా మండకుండా బయటికి వస్తోంది. స్పార్క్ ప్లగ్ గానీ ఇగ్నిషన్ కాయిల్ గానీ పోతే ఒక సిలిండర్ మండదు, ఇంజిన్ ఊగుతుంది, లాగదు. ఆక్సిజన్ సెన్సర్, కూలెంట్ వేడి చెప్పే సెన్సర్ తప్పు చెప్తే ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ తాగుతుంది, పొగ నల్లగా వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండినా, ఇంజెక్టర్ మూసుకోకుండా కారుతున్నా దాదాపు ఇలాగే ఉంటుంది. బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి: పి0300 వరుస కోడ్లు మిస్‌ఫైర్‌వి, అంటే సిలిండర్ సరిగా మండటం లేదని, పి0172 పెట్రోల్ ఎక్కువవుతోందని. కోడ్ రాగానే సెన్సర్ మార్చేయకండి, కోడ్ చెప్పేది ఏం జరుగుతోందో మాత్రమే, ఏ పార్టు పోయిందో కాదు.

ఇంజిన్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే నడపొద్దు. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుద్ధి చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, అది ఎర్రగా కాలుతుంది. రోడ్ల మీద వడ్లు ఆరబోసే, గడ్డి పరిచే కాలంలో బండి కింద గడ్డి చుట్టుకుని ఉంటే ఆ వేడి చాలు.

ప్రశ్న: ఇంజిన్ ఆయిల్ గేజ్ తీస్తే పెట్రోల్ వాసన వస్తోంది, ఆయిల్ కూడా పెరిగినట్టుంది?

పెట్రోల్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ పలచబడితే బేరింగులు పోతాయి. కారణం సరిచేసి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాలి, ఒక్క ఆయిల్ మారిస్తే మళ్లీ అదే పరిస్థితి.

ప్రశ్న: ఇదంతా ఈ20 పెట్రోల్ వల్లే అంటున్నారు. నిజమా?

కొంతవరకు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2025 నాటికి దాదాపు అన్ని బంకుల్లోకీ వచ్చేసింది. ఇథనాల్ కొన్ని రకాల పాత రబ్బరును ఉబ్బించి, ఆరిపోయాక పెళుసుగా చేస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లలో పైపులు, సీళ్లు ఈ20కి తట్టుకునేలా చేసినవే. అంతకుముందు బండ్లలో, ముఖ్యంగా పదేళ్లు దాటినవాటిలో, రబ్బరు ముక్కలన్నీ ఒకసారి చూపించి గట్టిపడ్డవి మార్చుకోవడం మంచిది. కానీ పైపుకు ఎలుక పెట్టిన రంధ్రాన్ని, బంకులో ఎక్కువ నింపిన అలవాటును కూడా ఈ20 మీద తోసేసి ఊరుకుంటే వాసన పోదు.

ప్రశ్న: మూడు షెడ్లు తిరిగాను, ఎవరికీ దొరకలేదు. ఇంకేం పరీక్షలున్నాయి?

రెండు అడగండి. ఒకటి ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజిన్ ఆపాక పైపులో ఒత్తిడి ఎంతసేపు నిలబడుతుందో చూడటం. గబగబా పడిపోతే ఇంజెక్టర్ కారడమో, పంపులోని వాల్వ్ పోవడమో, ఎక్కడో బయట లీకో అన్నమాట. రెండోది స్మోక్ టెస్ట్, ఆవిరి దారిలోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడటం. ద్రవం కారకుండా ఆవిరి మాత్రమే పోయే సన్న పగుళ్లు దీనికే దొరుకుతాయి, మూత దగ్గర నుంచి ట్యాంకుకు పోయే గొట్టం పైభాగం లాంటివి. ఈ మెషిన్ ప్రతి షెడ్‌లో ఉండదు. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ముందు ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కుని, లేకపోతే హైదరాబాద్ తీసుకుపోవడం, ఇక్కడే అనుమానం మీద ఒక్కో పార్టు మారుస్తూ పోవడం కంటే చవక.

ప్రశ్న: ఇంట్లో నేనే ఏం చేసుకోవచ్చు?

మూత మార్చడం, టిష్యూతో వెతకడం, వదులైన తక్కువ ఒత్తిడి గొట్టాల క్లిప్పులు బిగించడం. అంతవరకే. ఇంజెక్షన్ పైపు విప్పాలంటే పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగిపోయేదాకా నడిపి ఒత్తిడి తగ్గించాలి, బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి, ఆరుబయట చేయాలి. ఇవన్నీ తెలియకపోతే ముట్టుకోవద్దు. మామూలు గాజు బల్బుకు వైరు లాగి బండి కింద పెట్టి చూడటం మానేయండి, బల్బు కిందపడి పగిలితే అదే నిప్పు. ఎల్‌ఈడీ టార్చి కూడా బండికి దూరంగా ఉన్నప్పుడే ఆన్ చేసి దగ్గరికి తీసుకురండి.

నోటితో పైపు పెట్టి పెట్రోల్ లాగడం ఊళ్లలో ఇంకా కనిపిస్తుంది. గుటకలో కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదికి రావొచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: రాయి తగిలి ట్యాంకుకు చిల్లు పడింది. ఎం-సీల్ పెడితే ఆగుతుందా?

అచ్చంపేట దాటి నల్లమల దారిలోనో, దేవరకొండ వైపు కంకర తేలిన రోడ్ల మీదో ఇది జరిగితే, దగ్గర్లో షెడ్ కూడా ఉండదు. సన్నగా చెమ్మగిల్లే చోట బట్టల సబ్బు గట్టిగా రుద్దితే కాసేపు ఆగుతుంది, లారీ డ్రైవర్లు చేసేదే, పెట్రోల్‌కు సబ్బు కరగదు. అది కూడా బండిని సురక్షితమైన చోటికి చేర్చడానికే, ఇంటిదాకా నడపడానికి కాదు. పెట్రోల్ తడి ఉన్న చోట ఎం-సీల్ పట్టదు.

ఇక వెల్డింగ్. ఖాళీ చేసిన పెట్రోల్ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, ఎందుకంటే లోపలంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. "నీళ్లతో కడిగాం, ఏం కాదు" అనే మాట మీద ఎవరినీ దాని దగ్గర నిలబడనివ్వకండి. ఇప్పటి కార్లలో చాలావాటికి ప్లాస్టిక్ ట్యాంకే, దానికి వెల్డింగ్ ప్రశ్నే లేదు, మార్చడమే.

ప్రశ్న: పత్తికి మందు కొట్టే పవర్ స్ప్రేయర్ కోసం డిక్కీలో పెట్రోల్ తీసుకెళ్తుంటే ఒలికింది. నెల రోజులైనా వాసన పోవడం లేదు.

పైన కార్పెట్ ఆరింది గానీ కింద ఉన్న దట్టమైన ఫోమ్ ఆరలేదు. స్ప్రేయర్ పెట్రోల్‌లో 2టీ ఆయిల్ కలుపుతారు కదా, ఆ ఆయిల్ ఆవిరి కాదు, వాసన పట్టుకుని కూర్చుంటుంది. కార్పెట్, ఫోమ్ రెండూ బయటికి తీసి గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి. డిక్కీ రేకును, స్టెప్నీ గుంతను కూడా సబ్బుతో తుడవండి, చాలాసార్లు స్టెప్నీ కిందే పెట్రోల్ నిలిచి ఉంటుంది. తర్వాత వంట సోడా చల్లి ఒక రాత్రి ఉంచి దులిపేయండి. ఇంత చేసినా పోకపోతే ఫోమ్ మార్చాలి. హెయిర్ డ్రయ్యర్, హీటర్ పెట్టి ఆరబెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

మినరల్ వాటర్ బాటిళ్లలో, నూనె డబ్బాల్లో పెట్రోల్ తేవడం ఆపండి. స్ప్రేయర్ ట్యాంకు ఖాళీ చేశాకే డిక్కీలో ఎక్కించండి, కుదిరితే ట్రాక్టర్ ట్రాలీలోనో బైక్ మీదో పంపండి, మనుషులు కూర్చునే మూసిన బండిలో వద్దు.

ప్రశ్న: మాది గ్యాస్ కిట్ బండి. పెట్రోల్ వాసనో గ్యాస్ వాసనో ఎలా తెలుస్తుంది?

సీఎన్‌జీకి, ఎల్‌పీజీకి వాసన కావాలనే కలుపుతారు, కుళ్లిన కోడిగుడ్డులా ఉంటుంది. ఆ వాసనైతే సిలిండర్ వాల్వ్ కట్టేసి, డోర్లన్నీ తీసి, దూరం జరగండి. సీఎన్‌జీ గాలి కంటే తేలిక, పైకి పోతుంది. ఎల్‌పీజీ బరువు, డిక్కీ అడుగునే ఉండిపోతుంది. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్, అంటే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష తప్పనిసరి, ప్లేటు మీద తేదీ చూసుకోండి. ఇలాంటి బండ్లలో పెట్రోల్ వాడకం తక్కువ కాబట్టి ఉన్న కాస్త పెట్రోల్ పాతబడుతుంది, పైపులు, సీళ్లు ఎండిపోతాయి. వారానికోసారి కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి.

డీజిల్ వాసన వేరుగా, జిడ్డుగా ఉంటుంది. అది త్వరగా ఆవిరి కాదు కాబట్టి తడి కంటికి కనిపిస్తుంది, ఇంజెక్టర్ల మీది రిటర్న్ పైపులు ముందు చూడండి.

ప్రశ్న: చంటిపిల్లలు, గర్భిణులు ఆ కారులో కూర్చోవచ్చా?

వద్దు. తలనొప్పి, కడుపులో తిప్పడం, మత్తుగా అనిపించడం వెంటనే కనిపించేవి. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, మన ప్రమాణాల ప్రకారం 1 శాతం మించకూడదు. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన పదార్థం. ఒక్క ప్రయాణంతో ఏదో అయిపోతుందని టెన్షన్ పడక్కర్లేదు, కానీ రోజూ స్కూలుకు అద్దాలు మూసి ఏసీ వేసి అదే బండిలో తీసుకెళ్లడం సరికాదు. బాగయ్యేదాకా బస్సు, ఆటో ఏదైనా చూసుకోండి.

ప్రశ్న: ఖర్చు ఎంతవుతుంది, ఇన్సూరెన్స్ వస్తుందా?

మూత, ఓ-రింగులు, క్లిప్పులు వందల్లో పోతాయి, పర్జ్ వాల్వ్, క్యానిస్టర్, పంపు, ట్యాంకు వేలల్లోకి వెళ్తాయి, బండిని బట్టి చాలా తేడా ఉంటుంది. ఎలుక కొరికిన నష్టం పాలసీని బట్టి వస్తుంది, అందుకే ఏదీ విప్పకముందే ఫోటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి, బాగు చేయించాక చెప్తే సర్వేయర్‌కు చూపించడానికి ఏమీ మిగలదు. వారంటీలో ఉన్న బండిని బయట షెడ్‌లో విప్పించొద్దు. కంపెనీ వెబ్‌సైట్‌లో చాసిస్ నంబరు కొడితే మీ బండికి రీకాల్, అంటే తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం, ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే ఆ పని ఉచితంగా చేస్తారు.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి పోతున్నాను, ఏం చూడాలి?

లోపల పర్‌ఫ్యూమ్ గుప్పుమంటుంటే దాన్ని తీసి బయట పెట్టమనండి, అద్దాలు మూసి బండిని అరగంట ఎండలో ఉంచి, అప్పుడు డోర్ తీసి చూడండి. వెనక సీటు ఎత్తి పంపు మూత చుట్టూ సీలెంట్ పూసి ఉందేమో చూడండి. చల్లని ఇంజిన్ మీదే స్టార్ట్ చేయమనండి, మీరు పోయేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే ఇంకో రోజు రండి. ట్యాంకు సగమే ఉంటే మీ డబ్బుతోనైనా మొదటి టక్కు దాకా నింపించి ఒక చుట్టు తిప్పండి.

ప్రశ్న: బాగు చేయించాను. నిజంగా పోయిందో లేదో ఎలా నమ్మాలి?

షెడ్‌లోనే ఇంజిన్ నడుస్తుండగా కొత్తగా వేసిన జాయింట్ దగ్గర టిష్యూ అద్ది చూపించమనండి. పాత ఓ-రింగు, పాత పైపు ముక్క అడిగి తెచ్చుకోండి. రెండు మూడు రోజులు లోపలి గుడ్డల్లో పాత వాసన మిగిలి ఉంటుంది, అద్దాలు దించి ఎండలో పెడితే రోజురోజుకూ తగ్గాలి. ఆ తర్వాత వాసన మొదట ఏ పరిస్థితిలో వచ్చేదో అదే పరిస్థితిలో మళ్లీ పరీక్షించండి: ఫుల్ ట్యాంకులో వచ్చేదైతే ఫుల్ చేయించి, పొద్దున వచ్చేదైతే రాత్రంతా నిలిపి, ఎండలో వచ్చేదైతే మధ్యాహ్నం ఎండలో ఉంచి. మళ్లీ వస్తే అదే షెడ్‌కు, మొదట మీరు రాసుకున్న కాగితంతో వెళ్లండి.